కంప్యూటరును నేనెఱిగిన విధము



నేను తెలుగు పండితుడను. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ ముగించుకొని, 1982 మొదలు 2018 వఱకు ఉన్నతపాఠశాలలలో వ్యాకరణమును ఛందస్సును చెప్పుకొని బ్రతికినవాడను. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణము పోవు సముద్రతీరపు బాటలోనున్న రుషికొండ మా యూరు. ఇట్టివాడు కంప్యూటరును గూర్చి ప్రసంగించుటేమని మీలో కొందఱు నవ్వవచ్చును. నవ్వుట న్యాయమే. నలువదియేండ్ల క్రిందట ఆ నవ్వు నేనే నవ్వితిని. పిమ్మట ఆ యంత్రము పదమూడేండ్ల నా శ్రమను మ్రింగి, చాలకాలమునకు అందులో కొంత తిరిగి యిచ్చినది. ఆ వృత్తాంతమును, దానితోపాటు ఆ యంత్రము లోపల జరుగు పని నాకు బోధపడినంత మేరకును మీకు మనవిచేసెదను.

నా చిన్ననాట రుషికొండ యనగా ఎఱ్ఱమట్టి కొండలు, జీడిమామిడి చెట్లు, సరుగుడు తోపులు, ఒడ్డున జాలరుల పాకలు. 1980లో ఆ కొండల చెంత గీతం ఇంజనీరింగు కళాశాల వెలసినది. తరువాత ప్రభుత్వమువారు కొండల నెత్తములను చదునుచేసి కంప్యూటరు సంస్థలకు ఇచ్చిరి. ఇప్పుడు రాత్రివేళ సముద్రముపైనుండి వచ్చు మరపడవవారికి ఆ మేడల దీపములే గుర్తు. మా యింటినుండి చూచిన నొకవైపు వలలు ఆరుచుండును, ఒకవైపు అద్దాల మేడలు మెఱయుచుండును. నా కథ ఆ రెంటి నడుమ జరిగినదే.

కంప్యూటరును నేను మొదట చూచినది 1986లో. అంతకు ముందే, 1984-85 విద్యాసంవత్సరమున, కేంద్రప్రభుత్వము క్లాస్ అను పథకము క్రింద దేశములోని కొన్ని పాఠశాలలకు బీబీసీ మైక్రో అను ఆంగ్లదేశపు యంత్రములను పంపినది. నగరములోని యొక పాఠశాలకు నేను పరీక్షల పనిమీద పోగా, అచ్చటి లెక్కల మాస్టారు తాళము తీసి, చెప్పులు విడిపించి, దేవుని గదిలోనికి వలె నన్ను లోనికి తీసికొనిపోయెను. టీవీ పెట్టెవంటి దానిముందు మీటల పలక. ఆయన ఏవో అంకెలు కొట్టగా జవాబు వచ్చినది. "దీనికి తెలుగు వచ్చునా?" అని నేనడిగితిని. "రాదండీ" అని ఆయన. "రానప్పుడు మనకేల?" అని నవ్వి వచ్చివేసితిని. లెక్కలు కట్టువానిని మన పెద్దలు గణకుడనిరి గదా, ఇదియు నొక గణకుడు, కరణముగారి తమ్ముడు అని తలచితిని.

అప్పటికి మన తెలుగునేలపై కంప్యూటర్లు కొత్తవి కావని నాకు తెలియదు. హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1969 నాటికే టీడీసీ-12 అను కంప్యూటరును తయారుచేసినది. ఆ సంస్థను నిలిపిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమువారు. అట్లే శ్రీకాళహస్తి చేరువ కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు అమెరికాలో, యంత్రమునకు మనుష్యుని మాటను వినిపించి గ్రహింపజేయు విద్యలో కృషిచేసి, 1994లో ట్యూరింగు బహుమానమును పొందిరి. కంప్యూటరు శాస్త్రమున అంతకు మించిన గౌరవము లేదు. పల్లెటూరివారికి ఇది అందని విద్యయని యెవరైన ననిన, నేనీ యిద్దఱి పేర్లు చెప్పుదును.

ఇక నా సంగతి. 1984 మొదలు 1997 వఱకు సాయంకాలములందు ఒడ్డున కూర్చుండి, జాలరులు వాడుకొను మాటలను నోటుపుస్తకములలో వ్రాసికొంటిని. తెప్ప కట్టుటలోని మాటలు, గాలుల పేర్లు, వలల పేర్లు, చేపల పేర్లు, ఆటు పోటుల తిథులు, ఇవన్నియు. కానాగంత, కవళ్ళు, నెత్తళ్ళు, చందువ, వంజరము వంటివి సంతలో నెవరైనను వినవచ్చును. పడవ భాగమున కొక పేరు, ముడికొక పేరు, నీటి రంగునకొక పేరు, అవి నడిసంద్రము పోవువాని నోటనే పుట్టును, వానితోనే పోవును. పుస్తకములకెక్కని తెలుగది. ఏడు నోటుపుస్తకములు నిండినవి. మాటలు రమారమి 2,300.

1998లో దానిని అచ్చువేయదలచి నగరములో నొక డీటీపీ దుకాణమునకు పోయితిని. అచ్చట మొదటిసారి కంప్యూటరు తెరపై తెలుగక్షరము చూచితిని. నిజము చెప్పవలెనన్న నా కన్నులు చెమర్చినవి. టైపు చేయు కుఱ్ఱవాడు రోమను మీటలు కొట్టుచుండగా తెరపై గుడులు, కొమ్ములు, వత్తులు లేచుచుండెను. నాలుగు నెలలు పనిచేసి అకారాది క్రమమున నిఘంటువు ముగించెను. నేను 12 పేజీలు మచ్చుకు అచ్చు తీయించి తప్పులు దిద్దితిని. కాగితమునకు, అచ్చుకూలికి డబ్బు చాలకపోయినది. "పోనీ మాస్టారూ, ఇందులో భద్రముగా ఉంటుంది" అని చెప్పి, పేజీల అమరికతో కూడ మొత్తమును ఐదు ఫ్లాపీలలోనికి ఎక్కించి ఇచ్చెను. అరచేయంత నల్లని పలుకలవి. ఒక్కొక్కదానిలో 14,74,560 అక్షరస్థానములు పట్టును. వానిని నోటుపుస్తకములతో పాటు బీరువాలో పెట్టితిని. రెండు చోట్ల నున్నది గదా యని ధైర్యము. రెండును ఒకే బీరువాలో నున్నవను మాట నాకు తట్టలేదు.

కంప్యూటరు లోపలి మర్మము నాకు 2003లో తెలిసినది. నాయొద్ద ఛందస్సు చదివిన శిష్యుడొకడు ఇంజనీరింగు చదువుచు సెలవులకు వచ్చి, "మాస్టారూ, ఈ యంత్రమునకు తెలిసినవి రెండే గుర్తులండీ. కరెంటు ఉన్నదా, లేదా. ఉంటే ఒకటి, లేకుంటే సున్న" అనెను. "రెండు గుర్తులతో లోకమంతయు నెట్లు వ్రాయుదురురా?" అంటిని. అనుచుండగనే నాకొక సంగతి స్ఫురించినది. మేము రెండు గుర్తులతోనే గదా పద్యములన్నిటిని కొలుచుచున్నాము! గురువు, లఘువు.

చూడుడు. అక్షరమొకటియైన రెండు విధములు, గురువుగాని లఘువుగాని. అక్షరములు రెండైన నాలుగు విధములు. మూడైన ఎనిమిది. ఆ ఎనిమిదే మగణము, యగణము, రగణము, సగణము, తగణము, జగణము, భగణము, నగణము. ఈ వరుసకు ప్రస్తారమని పేరు. పింగళాచార్యుని ఛందశ్శాస్త్రమున చివరి అధ్యాయములో దీని విధి యున్నది. ఎనిమిదక్షరముల పాదము గల అనుష్టుప్పునకు 256 భేదములు. నేనీ సంఖ్య చెప్పగనే మా శిష్యుడు కుర్చీలోనుండి లేచి నిలువబడెను. కంప్యూటరులో ఎనిమిది గుర్తులు కూడిన దానిని బైటు అందురట. దానికిని సరిగా 256 భేదములేనట.

ఇంకొక ముచ్చట. ఫలానా వృత్తము ప్రస్తారములో ఎన్నవదో కనుగొను లెక్కకు ఉద్దిష్టమని పేరు. అక్షరముల క్రింద ఎడమనుండి 1, 2, 4, 8 అని రెట్టింపులు వేయుచు పోవలెను. లఘువుల క్రింద నున్న యంకెలను మాత్రము కూడి, దానికొకటి కలుపవలెను. భగణము చూడుడు: గురువు, లఘువు, లఘువు. క్రింద 1, 2, 4. లఘువుల క్రింది 2ను 4ను కూడిన 6, ఒకటి కలిపిన 7. పైన చెప్పిన వరుసలో భగణము ఏడవదే. ఇరువది యక్షరముల ఉత్పలమాల 3,55,799వ వృత్తమని మా గురువుగారు బాల్యముననే వల్లెవేయించిరి. ఎందుకో తెలియకయే వల్లెవేసితిమి.

శిష్యుడు లఘువునకు 1, గురువునకు 0 వేసి ఉత్పలమాలను యంత్రములోనికెక్కించెను. మేము ఒకట్లు, రెండ్లు, నాల్గులు ఎడమనుండి వేయుదుము, వారు కుడినుండి వేయుదురు. కావున వరుసను త్రిప్పి వ్రాసెను. తెరపై వచ్చిన సంఖ్య 3,55,798. "ఒకటి తప్పినదిరా" అంటిని. వాడు నవ్వి, "తప్పలేదండీ, ఇది సున్ననుంచి లెక్కపెడుతుంది" అనెను. చంపకమాల వేయుమంటిని. ఇరువదియొక్క అక్షరముల ఛందస్సులో అది 7,11,600వది. యంత్రము 7,11,599 చూపినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1986లో "తెలుగు రానప్పుడు మనకేల" అని నేను నవ్విన యంత్రము నేను చదువుకొన్న విద్యనే మఱియొక భాషలో చెప్పుచున్నది.

ఇచ్చట నొక హెచ్చరిక. పింగళుడే కంప్యూటరును కనిపెట్టెనని వాదించువారు కొందఱున్నారు. నేనట్లనను. రెండంకెల గణితమును ఐరోపాలో లైబ్నిట్జ్ 1703లో ప్రకటించెను. మీటలు వేయుటచేతను తీయుటచేతను తర్కమును, గణితమును నడుపవచ్చునని 1937లో అమెరికాలో షానన్ అను యువకుడు తన పట్టపు వ్యాసములో చూపెను. కరెంటు మీటలు లేక ప్రస్తారము తనంతట తాను నడువదు. మనవారు కనిపెట్టినది లెక్క. దానిని యంత్రమునందు నడిపించినవారు వేఱు.

2014 అక్టోబరు 12వ తేదీని మీరెవ్వరు మఱచియుండరు. హుద్‌హుద్ తుపాను విశాఖయొద్దనే తీరము దాటినది. మా యింటి కిటికీ రెక్కలు ఎగిరిపోయినవి. బీరువా తలుపు ఊడి వర్షపునీరు, ఉప్పునీరు కలిసి లోనికి జొచ్చినవి. మూడవనాడు నోటుపుస్తకములను బయటికి తీసితిమి. సిరా కరగి నీలిరంగు ముద్దలైనవి. అక్షరము మిగులలేదు. ఆ మాటలు చెప్పిన ముసలివారిలో పెక్కుమంది అంతకు ముందే కాలము చేసిరి.

ఫ్లాపీలు రేకు డబ్బాలో నుండుటచే తడియలేదు. ఆశపడితిని. అప్పటి కంప్యూటర్లకు ఫ్లాపీ పెట్టు చోటే లేదు. శిష్యుడు ఎక్కడనో యొక చదువు పెట్టెను సంపాదించి తెచ్చెను. ఐదింటిలో మూడు తెఱచుకొన్నవి. కడపటి రెండు బూజుపట్టి తెఱచుకొనలేదు. తెఱచుకొన్నవానిలో నేమున్నదనుకొంటిరి? ఒక్క తెలుగక్షరమును లేదు. రోమను అక్షరములు, బ్రాకెట్లు, కొక్కెములు, పరదేశపు గుర్తులు, పిచ్చివాని గీతలవలె పేజీలకు పేజీలు.

కారణము వినుడు. కంప్యూటరు అక్షరమును ఎఱుగదు, సంఖ్యనే యెఱుగును. ఆంగ్లము వారు మొదటనే కూడబలుకుకొని, పెద్ద 'ఏ' అనిన 65 అని లోకమంతటికి నొకే పట్టిక చేసికొనిరి. తెలుగునకు ఆ రోజులలో దుకాణములందు వాడుకలోనున్న పట్టిక ఒకటి కాదు. ఫాంటులు చేసినవారు ఎవరికి తోచినట్లు వారు 256 గదులలో తలకట్టునొకదానిలో, గుడినొకదానిలో, కొమ్మునొకదానిలో కూర్చిరి. ఆ ఫాంటు ఉన్నచోట అది తెలుగు, లేనిచోట పిచ్చిగీతలు. మా దుకాణము ఏనాడో మూతపడినది. ఆ ఫాంటు పేరుకూడ నాకు తెలియదు. నా నిఘంటువు తాళపుచెవి పోయిన పెట్టెయైనది.

కాని, 1998లో తప్పులు దిద్దిన ఆ 12 పేజీలు ట్రంకుపెట్టెలో దొరకినవి! 1837లో ప్రిన్సెప్ దొర బ్రాహ్మీలిపిని చదివినట్లు మేమును చదువ మొదలిడితిమి. ఒక ప్రక్క అచ్చుకాగితము, ఒక ప్రక్క తెరపై పిచ్చిగీత. ఈ కొక్కెము తలకట్టు, ఈ గీత ఏత్వము, ఈ గుర్తు వట్రసుడి అని నేను చెప్పుచుండగా శిష్యుడు పట్టిక వేయుచుండెను. రెండు నెలల ఆదివారములు పట్టినవి. పట్టిక పూర్తియైనపిదప యంత్రమునకిచ్చి మార్పించితిమి. చూతము గదా, ప్రతి క్రావడియు ముందునకు వచ్చి కూర్చున్నది. పాతఫాంటులో క్రావడి అక్షరమునకు ఎడమప్రక్కన కనబడును గాన, దానిని ముందు కొట్టి అక్షరమును తరువాత కొట్టెడివారు. కంటికి సరియే, క్రమమునకు తప్పు. "చూపునకు ముందు, పలుకునకు వెనుక" అని నేను సూత్రము చెప్పగా శిష్యుడు ఆ మాటను యంత్రమునకు తెలియునట్లు వ్రాసెను. క్రావడులన్నియు నొక్కసారిగా వెనుకకు జరిగినవి. పండితుని వ్యాకరణము యంత్రమునకు పనికివచ్చిన దినమది.

మార్చినది యూనికోడు అను పట్టికలోనికి. ప్రపంచభాషలన్నిటికి నొకే పట్టికగా 1991లో ఇది వెలువడినప్పుడే అందులో తెలుగునకు చోటు దొరకినది. 3072 మొదలు 3199 వఱకు 128 గదులు మనవి. రుషికొండ అని వ్రాసిన యంత్రములో నిలుచునవి ఎనిమిది సంఖ్యలు: రకారము 3120, కొమ్ము 3137, షకారము 3127, గుడి 3135, కకారము 3093, ఒత్వము 3146, సున్న 3074, డకారము 3105. అమెరికాలోనైనను, మా పక్కవీధిలోనైనను ఇవియే సంఖ్యలు. అక్షరము ఏ ఆకారమున కనబడవలెనో ఫాంటు చూచుకొనును, అక్షరమేదో మాత్రము మాఱదు.

పండితుడను గాన ఇందులో తప్పులెన్నుట మానలేకపోతిని. వ్యాకరణమున క్ అను హల్లు ముందు, అకారము చేరిన క. ఇచ్చట తలక్రిందు. క ముందు, పొల్లు చేర్చిన క్. క్ష వ్రాయవలెనన్న క, పొల్లు, ష అని మూడు సంఖ్యలు. మొదట నాకు నచ్చలేదు. తరువాత పిల్లలకు మనము నేర్పునది గూడ క గుణింతముతోనే గదా యని సమాధానపడితిని. అరసున్నకు గదియున్నది, శకటరేఫమునకు గదియున్నది. దంత్యమైన చకార జకారములకు 2008లో చోటిచ్చిరి. పాతపుస్తకములలోని నకారపొల్లునకు 2021లో ఇచ్చిరి. మనము వాడుక మానిన అక్షరమునకు గూడ ఎవరో కూర్చుండి చోటడిగి తెచ్చుచున్నారు.

విదేశములలోని తెలుగువారికి ఈ విషయమున మనము ఋణపడియున్నాము. మీటలు రోమనువైనను తెలుగు వ్రాయగల పద్ధతిని అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొన్న మన పిల్లలు కల్పించిరి. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన అను పేర్లతో యూనికోడు ఫాంటులు చేసి ఉచితముగా నిచ్చిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. రాజ్ రెడ్డిగారు తలపెట్టిన పుస్తకముల పథకమువలన, గ్రంథాలయములలో చెదలు తినుచున్న తెలుగు గ్రంథములు ఛాయాచిత్రములై ఇంటింటికి వచ్చినవి. నేను 1978లో చదివి మరల కంటబడని యొక ఛందోగ్రంథమును 2016లో తెరపై చదువుకొంటిని.

టైపు నేర్చుకొన్నది పదవీవిరమణ తరువాత. వ్రేళ్ళు బిగుసుకొని, గంటకు పది పంక్తులైనను సాగెడివి కావు. మా మనుమరాలు ప్రక్కన కూర్చుండి, "తాతయ్యా, ఒత్తి పట్టుకోకు, తట్టి వదిలేయ్" అని నాకు గురువైనది.

మీకు నిత్యము కంప్యూటరుతో పడు పని ఒకటున్నది, అది మీసేవ. రిజిస్ట్రేషను కచేరీలకు 1998లోను, పల్లెలకు మీసేవ రూపమున 2011లోను ఈ యంత్రము వచ్చినది. అడంగలు, 1-బి నకళ్ళు ఇప్పుడు దానినుండియే వచ్చుచున్నవి. మా యెఱిగిన రైతొకనికి తండ్రి పేరులో ఒక కొమ్ము తప్పుపడినది. రెండేండ్లు తిరిగెను. యంత్రము తప్పు చేసినదని అతడు నిందించెడివాడు. యంత్రమునకు ఆ రైతు తెలియదు, తండ్రి తెలియదు. కొట్టినవాడు కొట్టిన సంఖ్యను అది దాచినది, అంతియే. కావున కాగితము చేతికి వచ్చిన తరువాత కాదు, తెరపై నున్నప్పుడే "బాబూ, ఒకసారి చదివి వినిపించు" అని యడుగుడు. సిగ్గుపడవలదు. నకలు తెచ్చుకొన్నచో రెండు ప్రతులు రెండిండ్లలో నుంచుడు. ఒకే బీరువాలో నుంచినవాని గతి మీరు వింటిరి.

నిఘంటువు సంగతి ముగింపవలెను. అకారాది మొదలు భకారము వఱకు మాటలు మూడు ఫ్లాపీలలో నుండుటచే దక్కినవి. మకారము మొదలు హకారము వఱకు కడపటి రెంటిలో నుండినవి. అనగా గాలులు దక్కినవి, చేపలలో కొన్ని దక్కినవి, వలలన్నియు పోయినవి. వకారము గదా. ఆ రెండు ఫ్లాపీలను బాగుచేయువారికి చూపితిమి, లాభము లేకపోయినది.

వలల మాటలు తెలిసినవారు మా యొడ్డున నిప్పుడు నాకు తెలిసి ఇద్దఱే యున్నారు. వారిలో నొకరికి చెవి వినబడదు. రెండవయాయన ప్రొద్దుటిపూట ఒడ్డుననుండును. నేను సెల్‌ఫోను తీసికొని పోవుచున్నాను, ఆయన వల కుట్టుచు చెప్పుచుండగా ఆ యంత్రము ఆయన గొంతును దాచును. "పంతులుగారూ, ఆ రోజుల్లోనే చెప్పాను కదా, మళ్ళీ ఎందుకు?" అని విసుగుకొనును. తుపానులో పోయినవని చెప్పితిని. కొంతసేపు ఊరకుండి, మొదటి ముడి పేరునుండి మరల మొదలుపెట్టెను. నిన్నటికి 41 మాటలైనవి.